నీళ్లు ఎక్కడిదాకా వచ్చినయి? వరద పటాల పరీక్ష, దాని చరిత్ర

వరద తీసిన తెల్లారి ఏ ఊళ్లో అయినా మొదట వినబడే ప్రశ్న ఒక్కటే: నీళ్లు ఎక్కడిదాకా వచ్చినయి? బడి మెట్ల దాకా, చింతచెట్టు మొదలు దాకా, ఫలానా వాళ్ల ఇంటి దూలం దాకా అని జవాబులు వస్తాయి. ఆఫీసుల్లో ఇదే ప్రశ్నకు జవాబు ఒక పటంగా ఉంటుంది. దాన్ని వరద ముంపు పటం అంటారు. కాలనీ ఎక్కడ కట్టాలి, వంతెన ఎంత ఎత్తు లేపాలి, వాన కురుస్తున్న రాత్రి ఏ ఊరిని ముందు ఖాళీ చేయించాలి, ఎవరిని ముంపు బాధితులుగా రాసుకోవాలి అనేవి ఆ పటం చూసి తేల్చే రోజులు వచ్చాయి. అయితే ఆ పటం నిజమో కాదో తేల్చేదెవరు? దానికి కూడా ఒక పరీక్ష ఉంది, ఆ పరీక్షకు ఒక చరిత్ర ఉంది, ఇప్పుడు ఆ పరీక్ష పెట్టే కంప్యూటర్ ప్యాకేజీలు కూడా ఉన్నాయి. ఉమ్మడి వరంగల్ జిల్లాలో గోదావరి ఒడ్డున, వాగుల నడుమ బడులు నడిపే ఉపాధ్యాయులం కనుక ఈ సంగతి మాకు పరాయిది కాదు. మన పిల్లలకూ కాకూడదు.

ప్యాకేజీ అనగానే మన వాళ్లకు పునరావాస ప్యాకేజీ గుర్తుకొస్తుంది. ఇక్కడ చెప్పేది అది కాదు. ఒక పని చేయడానికి ముందే రాసి పెట్టిన ప్రోగ్రాముల మూటను కూడా ప్యాకేజీ అనే అంటారు. ఈ రెండు ప్యాకేజీలకు సంబంధం ఉందా లేదా అన్నది ముందుకు పోయాక చూద్దాం.

గోదావరి వరదల్లో పెద్దవాళ్లు ఇప్పటికీ కొలతగా వాడేది ఎనభై ఆరు. 1986 ఆగస్టు 16న భద్రాచలం దగ్గర నది 75.6 అడుగులకు వచ్చింది. అక్కడ 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. అంటే చివరి హెచ్చరిక మీద ఇంకో ఇరవై రెండు అడుగుల నీళ్లు. ఆ రికార్డు ఇప్పటికీ అలాగే ఉంది. దాని తరువాత చెప్పుకోదగ్గది 2022 జూలై 16న వచ్చిన 71.3 అడుగుల వరద.

1986లో ఆ నీళ్లను పైనుండి చూడగల కన్ను మన దేశానికి లేదు. హైదరాబాదులో జాతీయ దూర సంవేదన సంస్థ 1974 నుండే ఉంది గానీ, అప్పటి ఉపగ్రహాలు మామూలు కెమెరా లాంటివి. మబ్బు పడితే వాటికి నేల కనబడదు. వరద వచ్చేదే మబ్బుల కాలంలో. మన మొదటి దూర సంవేదన ఉపగ్రహం ఐఆర్ఎస్-1ఎ 1988 మార్చిలో ఎగిరింది, దానిదీ అదే లోపం. మబ్బులను దాటి చూసేది రాడార్. యూరప్ వాళ్ల ఈఆర్ఎస్-1 రాడార్ ఉపగ్రహం 1991లో, మన రీశాట్-1 2012 ఏప్రిల్‌లో, యూరప్ వాళ్లదే సెంటినెల్-1ఎ 2014 ఏప్రిల్‌లో పోయాయి. రాడార్ తరంగం నిలకడ నీటి మీద పడితే అద్దం మీద పడ్డ వెలుతురులా అవతలికి జారిపోతుంది, తిరిగి రాదు. అందుకే రాడార్ చిత్రంలో వరద నల్లగా కనిపిస్తుంది. ఆ నల్లని మేరను గీసుకుంటే ముంపు పటం తయారైనట్టే. 2022 జూలైలో గోదావరి పటాలు ఇలా వచ్చినవే.

ఇది జరిగిన వరదను చూసి గీసిన పటం. రెండో రకం పటం వరద రాకముందే గీస్తారు. నదిలో ఇంత నీరు వస్తుంది, నేల ఎత్తుపల్లాలు ఇట్లా ఉన్నాయి, కాబట్టి ఇక్కడిదాకా మునుగుతుంది అని కంప్యూటర్ లెక్క కడుతుంది. పరీక్ష అంటే ఈ రెండింటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి చూడడం. లెక్క కట్టిన దాన్ని అభ్యర్థి పటం అందాం, చూసి గీసిన దాన్ని ప్రమాణ పటం అందాం. పరీక్ష పేపరు, దిద్దే జవాబు పత్రం లాగా. జవాబు పత్రమే తప్పయితే ఏమవుతుంది అన్న అనుమానం ఉపాధ్యాయులెవరికైనా వెంటనే వస్తుంది. రావాలి కూడా.

ఈ దిద్దుబాటు పద్ధతి ఎక్కడ పుట్టిందో తెలుసుకోవడానికి కొంచెం దూరం వెళ్లాలి. 1884లో అమెరికాలో సైన్యపు వాతావరణ విభాగంలో జాన్ ఫిన్లే అనే సార్జెంటు ఉండేవాడు. సుడిగాలి వస్తుందా రాదా అని అతను కొన్ని నెలల పాటు 2803 సార్లు చెప్పాడు. వస్తుందని 100 సార్లు చెప్తే 28 సార్లు వచ్చింది, 72 సార్లు రాలేదు. రాదని చెప్పినప్పుడు 23 సార్లు వచ్చింది. మిగిలిన 2680 సార్లు రాదన్నాడు, రాలేదు. మొత్తం మీద 2708 సార్లు తన మాట నిజమైందని, నూటికి 96.6 మార్కులని ఫిన్లే చెప్పుకున్నాడు.

వినడానికి ఘనంగానే ఉంది. అయితే దీన్ని చూసి కొందరు ఒక మాట అన్నారు: ఏమీ ఆలోచించకుండా రోజూ సుడిగాలి రాదు అని చెప్తే 2752 సార్లు నిజమయ్యేది, 98.2 మార్కులు వచ్చేవి! పని చేసిన వాడికంటే చేయని వాడికి ఎక్కువ మార్కులు. అదే ఏడాది గ్రోవ్ కార్ల్ గిల్బర్ట్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇంకో లెక్క చూపించాడు. రాదన్నది రాకపోవడం గొప్ప కాదు, దాన్ని తీసేయండి అన్నాడు. తగిలినవి 28. తప్పిపోయినవి 23. ఉత్త కేకలు 72. మూడూ కలిపితే 123. అందులో తగిలినవి ఎన్ని? 123లో 28, అంటే నూటికి 23 లోపే. 96.6 కాస్తా 22.8 అయింది.

గిల్బర్ట్ చెప్పిన ఈ నిష్పత్తినే తరువాతి వాళ్లు క్రిటికల్ సక్సెస్ ఇండెక్స్ అన్నారు. సుడిగాలుల సంగతే తెలియకుండా, ఆల్ప్స్ కొండల్లో మొక్కల జాతులను పోల్చడానికి పాల్ జకార్డ్ అనే వృక్ష శాస్త్రవేత్త 1901 ప్రాంతంలో ఇదే నిష్పత్తిని వేరుగా కనుక్కున్నాడు. 2000లో బ్రిస్టల్ విశ్వవిద్యాలయానికి చెందిన బేట్స్, ఆయనతో కలిసి డి రో, యూరప్‌లోని మ్యూజ్ నది మీద 1995 జనవరిలో వచ్చిన వరదను తమ కంప్యూటర్ నమూనాతో గీసి, చూసి గీసిన పటంతో పోల్చినప్పుడు వాడింది కూడా ఇదే. అప్పటి నుండి వరద పటాలు దిద్దే వాళ్లందరి చేతిలో ఇదే ఎర్ర పెన్ను.

మొదట్లో ఎవరి ప్రోగ్రాము వాళ్లు రాసుకునేవారు. ఒకరు నదిని లెక్కలోకి తీసుకుంటే ఇంకొకరు తీసేసేవారు. గళ్ల కొలత ఒకరిది పది మీటర్లు, ఒకరిది ముప్పై. అందుకని ఒకరి మార్కును ఇంకొకరి మార్కుతో పోల్చలేకపోయేవారు. మండలానికో ప్రశ్నపత్రం పెట్టి జిల్లా ర్యాంకులు ఇచ్చినట్టన్న మాట. దీన్ని సరిచేయడానికి 2023 నాటికి అమెరికా ప్రభుత్వ నీటి అంచనా విభాగం జీవాల్ అనే ప్యాకేజీని అందరికీ ఉచితంగా ఇచ్చింది. పైథాన్ భాషలో రాసింది, ఎవరైనా తెరిచి చదవచ్చు, మార్చుకోవచ్చు. అభ్యర్థి పటాన్నీ ప్రమాణ పటాన్నీ ఒకే గళ్లలోకి తెచ్చి, రెండూ ఎక్కడ కలిశాయో ఎక్కడ విడిపోయాయో చూపే మూడో పటం గీసి, మార్కులు వేస్తుంది. ఆ తరువాత అలబామా విశ్వవిద్యాలయం వాళ్లు ఫిమ్‌ఎవాల్ అనే ఇంకో ప్యాకేజీ తెచ్చారు. అందులో రెండు సంగతులు మనకు ముఖ్యం. ఎప్పుడూ నీళ్లుండే నదినీ చెరువునూ అది లెక్కలోంచి తీసేస్తుంది. మునిగిన నేలను మాత్రమే కాక మునిగిన ఇళ్లను కూడా విడిగా లెక్క పెట్టగలుగుతుంది.

ఈ రెండూ ఎందుకు ముఖ్యమో తరగతి గదిలో చూపించవచ్చు. వెయ్యి గళ్ల గ్రాఫ్ కాగితం తీసుకోండి. అందులో 120 గళ్లు నది. నిజంగా వచ్చిన వరదలో నదికి బయట 80 గళ్లు మునిగాయనుకుందాం. మన అభ్యర్థి పటం నదికి బయట 60 గళ్లు మునుగుతాయని చెప్పింది. అందులో 40 సరిగ్గా తగిలాయి, 20 ఉత్త కేకలు. మునిగిన వాటిలో 40 తప్పిపోయాయి.

ఫిన్లే పద్ధతిలో దిద్దితే వెయ్యిలో తప్పులు 60 మాత్రమే, కాబట్టి 94 మార్కులు. గిల్బర్ట్ పద్ధతిలో నదిని కూడా కలిపి దిద్దితే తగిలినవి 160, మొత్తం 220, అంటే సుమారు 73 మార్కులు. నదిలో నీళ్లున్నాయని చెప్పినందుకు కూడా మార్కులేమిటి? దాన్ని తీసేస్తే తగిలినవి 40, మొత్తం 100. నలభై మార్కులు. ఇంకొక్క మెట్టు దిగుదాం. మునిగిన 80 గళ్లలో ఇళ్లున్నవి 5, మిగిలినవి పొలాలు, ఇసుక దిబ్బలు. ఆ 5 గళ్లలో పటం ఒక్కదాన్నే పట్టుకుంది. ఇళ్ల లెక్కన చూస్తే అయిదింట ఒకటి, 20 మార్కులు.

పటం ఒకటే. మార్కులు 94, 73, 40, 20. ఎనిమిదో తరగతి పిల్లలకు ఈ లెక్క ఇస్తే ఏది నిజమైన మార్కు అని కొట్లాడుకుంటారు. కొట్లాడుకోనివ్వాలి. శాతాలు నేర్పడానికి ఇంతకంటే మంచి పాఠం మాకు దొరకలేదు. ఉత్త కేక ఎందుకు నష్టమో వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు, నాన్నా పులి కథ అందరికీ వచ్చు.

ఇక ప్యాకేజీని తాజా చేయడం గురించి. ఒకసారి రాసిన ప్రోగ్రాము ఎప్పటికీ అలాగే నడుస్తుందని అనుకుంటాం. నడవదు. ఒక ప్యాకేజీ కింద ఇంకో పది ప్యాకేజీలుంటాయి, ఇంటి కింద గుంజల్లాగా. అంకెల లెక్కలు చేసే నంపై అనే ప్యాకేజీ మీద పైథాన్‌లో ఇంచుమించు అన్ని శాస్త్ర ప్రోగ్రాములూ నిలబడతాయి. 2006 తరువాత మొదటిసారిగా 2024 జూన్‌లో అది పెద్ద మార్పుతో రెండో వెర్షన్‌గా వచ్చింది. పాత పేర్లు కొన్ని తీసేశారు. అందులో ఒకటి, ఈ గడిలో విలువ లేదు అని చెప్పడానికి వాడే గుర్తు నాన్. దాన్ని పెద్ద అక్షరాలు కలిపి రాసే పాత రూపం పోయింది, అన్నీ చిన్న అక్షరాలతో రాసేదే మిగిలింది. అక్షరం మార్పే గానీ దానితో పాత ప్రోగ్రాములు ఎన్నో ఆగిపోయాయి. ఇలాంటివి వెతికి సరిచేసి, పాత పటాలకు పాత మార్కులే వస్తున్నాయా అని మళ్లీ నడిపి చూసి, కొత్త వెర్షన్ విడుదల చేస్తారు. ప్యాకేజీని తాజా చేయడమంటే ఎక్కువ భాగం ఈ మరమ్మతు పనే. ఎవరూ చప్పట్లు కొట్టరు, చేయకపోతే మాత్రం అంతా ఆగుతుంది. ఏటా వానకు ముందు కప్పు సర్దుకోవడం లాంటిది.

విలువ లేదు అనే ఆ చిన్న గుర్తు దగ్గర మేము ఆగదలచుకున్నాం. మన ప్రాంతానికి సంబంధించిన చిక్కంతా అక్కడే ఉంది. పటంలో ఒక గడికి మూడు జవాబులు ఉండవచ్చు: మునిగింది, మునగలేదు, చూడలేదు. మునగలేదు అన్నదానికి సాధారణంగా సున్నా రాస్తారు. చూడలేదు అన్నదానికి ఈ ఖాళీ గుర్తు ఉండాలి. చూడని గడిలో సున్నా రాస్తే ఆ ప్యాకేజీకి తెలియదు, అక్కడ నేల పొడిగా ఉందనే నమ్ముతుంది.

అడవిలో ఏం జరుగుతుందో చూడండి. సెంటినెల్, రీశాట్ వాడే రాడార్ తరంగం పొట్టిది, ఆరు సెంటీమీటర్ల లోపు. దట్టమైన ఆకుల మీదే చాలావరకు చెదిరిపోతుంది. చెట్ల కింద నడుము లోతు నీళ్లున్నా పైన ఆకులే కనిపిస్తాయి. అందుకని చూసి గీసిన ప్రమాణ పటం అక్కడ మునగలేదు అంటుంది. ఇక అభ్యర్థి పటానికి నేల ఎత్తు కావాలి. చాలామంది వాడే ఎత్తుల పటం 2000 ఫిబ్రవరిలో అమెరికా అంతరిక్ష నౌక ఎండీవర్ పదకొండు రోజులు తిరిగి కొలిచింది. అదీ అలాంటి రాడారే. అడవి ఉన్నచోట నేలకు బదులు చెట్ల తలలకు దగ్గరగా కొలిచింది. దాని ప్రకారం అడవి ఒక గట్టు. గట్టు మీదికి నీళ్లెందుకు వస్తాయి? కాబట్టి అభ్యర్థి పటం కూడా మునగదు అంటుంది.

రెండు పటాలూ కలిశాయి. రెండూ తప్పే. పరీక్షలో మాత్రం ఒక్క మార్కు కూడా తగ్గదు, ఎందుకంటే రెండూ మునగలేదు అన్న గడి గిల్బర్ట్ లెక్కలోకే రాదు. బల్ల మీద పక్కపక్కన కూర్చున్న ఇద్దరు పిల్లలు ఒకే తప్పు జవాబు రాస్తే, ఒకరి పేపరుతో ఇంకొకరి పేపరు దిద్దినట్టు. తాడ్వాయి, ఏటూరునాగారం, మంగపేట అడవుల్లో వాగుల పక్కన ఉన్న గూడేలు, రెవెన్యూ ఊరుగా ఎక్కడా పేరు లేని గొత్తికోయల గూడేలు, ఈ పద్ధతిలో అసలు పరీక్షలోకే రావు. వాటిని ఎవరూ కావాలని తీసేయలేదు. కానీ ఫలితం ఒకటే.

ఎత్తుల పటంలో ఈ తప్పును కొంత సరిచేసే పని జరిగింది. చెట్ల, భవనాల ఎత్తును తీసేసి నేల ఎత్తుకు దగ్గరగా తెచ్చిన ఫాబ్‌డెమ్ అనే పటాన్ని 2022లో బ్రిస్టల్ విశ్వవిద్యాలయం వాళ్లు తెచ్చారు. చూసే కన్ను కూడా మారుతోంది. 2025 జూలై 30న శ్రీహరికోట నుండి పోయిన నైసార్ ఉపగ్రహంలో నాసా వాళ్ల రాడార్ తరంగం ఇరవై నాలుగు సెంటీమీటర్ల పొడవుది. ఆకులను దాటి కిందికి పోగలదు. పరీక్ష ప్యాకేజీలు వీటిని వాడుకునేలా తాజా కావాలి. అంతకంటే ముందు, దట్టమైన అడవి ఉన్న గళ్లకు సున్నా బదులు చూడలేదు అనే గుర్తు పెట్టడం చాలా తేలికైన పని. కొత్త ఉపగ్రహం అక్కర్లేదు. అప్పుడు కనీసం, ఈ పటం మీ గూడెం గురించి ఏమీ చెప్పడం లేదు అన్న నిజం బయటికి కనిపిస్తుంది.

చూడలేదు అనడానికి అడవి ఒక్కటే కారణం కాదు, సమయం కూడా కారణమే. 2023 జూలై 26, 27 తేదీల నడుమ ఇరవై నాలుగు గంటల్లో ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. రాష్ట్రంలో అంతకు ముందటి రికార్డు 2013 జూలైలో వాజేడులో పడ్డ 517.5 మిల్లీమీటర్లు. భూపాలపల్లి దగ్గర మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగింది, జనం డాబాలెక్కి, చెట్లెక్కి ప్రాణాలు పట్టుకుంటే హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది. వరంగల్, హనుమకొండ కాలనీల్లో పడవలు తిరిగాయి. జంపన్నవాగు ఏటూరునాగారం మండలం కొండాయి మీద పడింది. ఊరు వదిలి బయటపడబోయిన వాళ్లలో ఎనిమిది మంది కొట్టుకుపోయి చనిపోయారు.

కొండాయి అంటే మన పాఠకులకు చెప్పాల్సిన పని లేదు. మేడారం జాతరకు గోవిందరాజు కదిలి వచ్చేది ఆ ఊరి నుండే. సంపెంగవాగు జంపన్నవాగు ఎలా అయిందో మన పిల్లలందరికీ తెలుసు. అంత పేరున్న వాగు, అంత పేరున్న ఊరు.

వాగు వరదకూ గోదావరి వరదకూ చాలా తేడా ఉంది. గోదావరి రోజుల తరబడి నిలుస్తుంది, పైన పేరూరు దగ్గర ఎంత వచ్చిందో చూసి కింద ఏమవుతుందో చెప్పవచ్చు. వాగు రాత్రికి రాత్రి వచ్చి ఒకటి రెండు రోజుల్లో తీసేస్తుంది. సెంటినెల్-1 ఉపగ్రహాలు మొదట రెండుండేవి. 2021 డిసెంబరులో ఒకటి చెడిపోయింది. దాని బదులు ఇంకొకటి 2024 డిసెంబరులో గానీ పోలేదు. ఆ మధ్యలో వచ్చింది ఈ వరద. ఒక్క ఉపగ్రహం అదే దారిలో అదే చోటి మీదికి మళ్లీ రావడానికి పన్నెండు రోజులు. మన ఉపగ్రహాలు, ఇతర దేశాలవి ఉన్నా, వాగు పొంగిన ఆ కొద్ది గంటల్లోనే పైన ఉండాలంటే అదృష్టం కలిసి రావాలి. అదే సంవత్సరం మార్చిలో, 1998 నుండి 2022 దాకా ఉపగ్రహాలు చూసిన వరదలన్నీ కలిపి దేశం మొత్తానికి ముంపు ప్రాంతాల అట్లాస్ ఒకటి విడుదలైంది. చాలా విలువైన పని. అందులో ఉన్నవి ఉపగ్రహం చూసిన వరదలు. చూడకుండా వచ్చి పోయిన వాగు వరదల జాబితా దాంట్లో ఉండదు, ఉండే వీలూ లేదు. కాబట్టి దాన్ని ప్రమాణ పటంగా పెట్టుకుని వాగుల పక్క ఊళ్ల పటాలను దిద్దకూడదు.

ఇప్పుడు రెండు ప్యాకేజీల సంగతి. భద్రాచలం దిగువన కూనవరం, వరరామచంద్రాపురం, చింతూరు, కుక్కునూరు, వేలేరుపాడు ప్రాంతాల్లో చదువు రాని వాళ్లకు కూడా వచ్చిన ఒక ఇంగ్లీషు మాట కాంటూరు. 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన మండలాలివి. పోలవరం నిండు నీటిమట్టం 45.72 మీటర్లు. మొదటి దశ కింద 41.15 మీటర్ల కాంటూరు గీసి, దాని లోపలి ఊళ్లకు ముందు పునరావాసం అన్నారు. 2022 జూలైలో గోదావరి ఆ గీతను లెక్కచేయలేదు. గీత బయట ఉన్నాయన్న ఊళ్లు కూడా మునిగాయి. మమ్మల్నీ ఆ గీత లోపల చేర్చండని జనం రోడ్ల మీదికి వచ్చారు.

ఇక్కడ ఒక విషయం విడదీసి చూడాలి. కాంటూరు ఒకే ఎత్తున పోయే గీత, గిన్నెలో నిలిచిన నీటి అంచులాంటిది. పారే నది అట్లా ఉండదు, పై నుండి కిందికి వాలుతుంది. ఎగువన నీటిమట్టం ఎప్పుడూ ఎక్కువే. వరదలో ఆ వాలు ఇంకా పెరుగుతుంది. నిలవ నీటి కోసం గీసిన గీతను వరద ముంపు గీత అని నమ్మడం మొదటి తప్పు. ఊరు నిజంగా ఎంత ఎత్తున ఉందో సరిగా కొలిచారా అన్నది రెండో ప్రశ్న. మూడోది మన వాదనకు కావాల్సింది: 2022 వరద ఆ గీతకు వచ్చిన అసలైన పరీక్ష. ఏ ఊళ్లో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో ఊరివాళ్లకు గజం తేడా లేకుండా తెలుసు. గీతనూ ఆ గుర్తులనూ ఒకదాని మీద ఒకటి పెట్టి ఎన్ని ఇళ్లు తగిలాయి, ఎన్ని తప్పిపోయాయి అని గిల్బర్ట్ లెక్క కడితే వచ్చే మార్కు, ఎన్ని వినతి పత్రాలకైనా సాటి వస్తుంది. ఒక ప్యాకేజీ ఇంకో ప్యాకేజీని ప్రశ్నించడం అంటే ఇదే.

ఆ గుర్తులు మన దగ్గర ఉన్నాయి గానీ ఎవరూ అడిగే రూపంలో లేవు. దూలం దాకా వచ్చినయి అన్న మాటను ఏ ప్యాకేజీ చదవలేదు. చదవగలిగేలా మార్చడానికి పెద్ద చదువు అక్కర్లేదు. గోడ మీద మట్టి మరక ఎక్కడ ఆగిందో, నేల నుండి అక్కడికి టేపుతో కొలవాలి. నిలబడిన చోటి అక్షాంశం, రేఖాంశం ఫోనులో చూసి అయిదు దశాంశాల దాకా రాసుకోవాలి. ఫోను చూపే సముద్రమట్టపు ఎత్తును నమ్మవద్దు, అది చాలా మీటర్లు తప్పు చెప్తుంది. నేల నుండి కొలిచిన లోతే పనికొస్తుంది. ఏ ఏడాది వరద, ఏ తేదీ, నీళ్లు ఏ పూట ఎక్కాయి, ఏ పూట తీశాయి అన్నది రాయాలి, ఉపగ్రహం ఆ సమయానికి పైన ఉందో లేదో తేల్చడానికి అదే ఆధారం. ఎవరు చూపించారో, కళ్లారా చూశారో విన్నారో రాసుకోవాలి.

ఇంకొక్కటి, చాలామంది మరచిపోయేది: నీళ్లు రాని చోట్లు కూడా రాయాలి. మా ఇంటి గడప దాకా రాలేదు అన్నది కూడా సమాచారమే. అది లేకపోతే ఉత్త కేకలను లెక్క పెట్టలేం. మునిగిన చోట్లు మాత్రమే పట్టుకుపోతే, జిల్లా అంతా మునుగుతుందని చెప్పే పటానికి నూటికి నూరు మార్కులు వస్తాయి. ఫిన్లే కథ తిరగేసి చెప్పినట్టు.

పాత సర్వే పటాల మీద ఈ గుర్తులు పెట్టేటప్పుడు ఒక జాగ్రత్త కావాలి. పాత టోపో పటాలు ఎవరెస్ట్ అనే భూగోళ కొలత మీద గీసినవి. ఫోను వాడేది డబ్ల్యూజీఎస్-84. 2005 జాతీయ పటాల విధానం తరువాత వచ్చిన బహిరంగ పటాలే ఫోనుతో సరిగ్గా కలుస్తాయి. పాతవాటి మీద పెడితే గుర్తు పక్కకు జరిగి, ఒడ్డున ఉన్న ఇల్లు వాగులో తేలుతుంది. ప్యాకేజీలు ఈ మార్పిడిని చేయగలవు, కానీ ఏ కొలతలో ఉన్నదో మనం ముందు చెప్పాలి.

వరంగల్ ఎన్ఐటిలో వరద నమూనాల మీద పరిశోధన చేసే వాళ్లున్నారు. హైదరాబాదులో జాతీయ దూర సంవేదన కేంద్రం ఉంది. మన యువకుల్లో ఇంజనీరింగ్ చదివి, పైథాన్ వచ్చి, ఉద్యోగం కోసం చూస్తున్న వాళ్లు ప్రతి మండలంలో ఉన్నారు. ఉచితంగా దొరికే ఈ ప్యాకేజీలను దించుకుని నడపడానికి మామూలు ల్యాప్‌టాప్ చాలు. ఒక బడి కొలిచిన ఇరవై గుర్తులతో కూడా ఒక పటాన్ని దిద్దవచ్చు.

ఇందులో ముందు చేయాల్సింది 1986 గుర్తుల పని. 2022, 2023 మరకలు గోడల మీద ఇంకా కొన్నిచోట్ల ఉన్నాయి, ఫోను ఫోటోలున్నాయి. ఎనభై ఆరు వరదకు ఫోటోలు దాదాపు లేవు, రాడార్ చిత్రం అసలే లేదు, అప్పటి ఇళ్లు చాలావరకు పడిపోయాయి. ఏటూరునాగారం, మంగపేట, వెంకటాపురం, వాజేడు మండలాల్లో ఆ నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో చెయ్యి పెట్టి చూపించగల వాళ్లు ఇప్పుడు అరవై దాటిన వాళ్లు. వేసవి సెలవుల్లో ఒక టేపు, ఒక ఫోను, ఒక నోటుబుక్కు పట్టుకుని ఇద్దరు పిల్లలను వెంటబెట్టుకుని పోతే ఒక ఊరికి ఒక పూట పడుతుంది.